మూడు రోజుల పని ఏళ్లకేళ్లు ఎందుకు సాగింది?

ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం గురించి ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగా వచ్చాయి. ఒకే ప్రశ్న చాలామంది అడిగారు కాబట్టి అందులో సూటిగా ఉన్నదాన్ని తీసుకుని మిగతావి వదిలేశాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, అందుకే ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. రష్యాకి అన్ని ట్యాంకులు, అన్ని విమానాలు ఉండి పక్క దేశం రాజధానిని పట్టుకోలేక వెనక్కి వచ్చేయడం ఏమిటో నాకు అంతుపట్టడం లేదు. అసలు లెక్క ఎక్కడ తప్పింది?
(తెనాలి)

జవాబు: మాస్టారూ, యుద్ధం మొదలవడానికి మూడు రోజుల ముందే తప్పిందండి. 2022 ఫిబ్రవరి 21న పుతిన్ తన భద్రతా మండలి సమావేశాన్ని టీవీలో చూపించారు. ఒక్కొక్కరే లేచి తన మాటకి సరే అనాలి. విదేశీ గూఢచారి సంస్థ అధిపతి నరిష్కిన్ వంతు వచ్చేసరికి ఆయన నసిగారు, పుతిన్ "స్పష్టంగా చెప్పండి" అని అందరి ముందూ గద్దించారు, ఆ కంగారులో ఆయన తూర్పు ఉక్రెయిన్ డాన్‌బాస్‌లోని రెండు ప్రాంతాలను ఏకంగా రష్యాలో కలిపేసుకోవడానికే మద్దతు అనేశారు. "మనం మాట్లాడేది అది కాదు, వాటి స్వాతంత్ర్యాన్ని గుర్తించడం గురించి" అని పుతిన్ దిద్దాల్సి వచ్చింది. గూఢచారి శాఖ పెద్దదే ఈ పరిస్థితి అయితే కింద కూర్చుని రిపోర్టులు రాసే ఆఫీసరు ఏం రాస్తాడు? ఉక్రెయిన్ సైన్యం నిలబడదనీ, జెలెన్‌స్కీ పారిపోతాడనీ, జనం పూలదండలతో ఎదురొస్తారనీ రాస్తాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే యజమాని దగ్గర నాలుగో కాలు సంగతి ఎవరూ ఎత్తరు కదా.

ఆ నమ్మకం మీదే ప్లాన్ వేశారు. సరిహద్దులో చేర్చింది లక్షన్నరకు పైగా సైన్యం. వినడానికి చాలా పెద్ద సంఖ్య, కానీ ఉక్రెయిన్ యూరప్‌లో రష్యా తర్వాత అతి పెద్ద దేశం. ఆ ఉన్న బలగాన్నే బెలారుస్ వైపు నుంచి కీవ్ మీదికి, ఈశాన్యంలో ఖార్కివ్ మీదికి, తూర్పున డాన్‌బాస్‌లోకి, దక్షిణాన 2014లోనే రష్యా కలిపేసుకున్న క్రిమియా నుంచి పైకి, ఇలా నాలుగు దిక్కులకీ పంచేశారు. మొత్తానికి ఒక్క కమాండర్‌ని పెట్టారన్న వార్త ఏప్రిల్‌లో గానీ రాలేదు. చాలామంది సైనికులకి చివరి దాకా ఇది డ్రిల్ అనే చెప్పారు.

మొదటి రోజే కీవ్ అంచున ఉన్న హోస్తొమెల్ ఎయిర్‌పోర్టులో హెలికాప్టర్లతో పారాట్రూపర్లను దించారు. రన్‌వే చేతికొస్తే పెద్ద రవాణా విమానాల్లో బలగాలు దించి నేరుగా రాజధానిలోకి వెళ్లాలని ఎత్తు. ఉక్రెయిన్ వాళ్లు ఎదురుదాడి చేసి రన్‌వేని ఫిరంగులతో కొట్టారు, ఆ విమానాలు దిగలేకపోయాయి. ప్రపంచంలోనే అతి పెద్ద విమానం ఆన్-225 కూడా అక్కడి హ్యాంగర్‌లోనే నాశనమైంది. ఆ ఎత్తు చిత్తయ్యాక చేతిలో రెండో ఎత్తు లేదు. రోడ్డు మీద ట్యాంకులు, ట్రక్కులు దాదాపు 64 కిలోమీటర్ల పొడవున క్యూ కట్టి నిలిచిపోయాయి. డీజిల్ లేదు, తిండి చాలలేదు, చలికాలం చివర కావడంతో పొలాల్లో దిగితే చక్రాలు బురదలో దిగబడతాయి. పైగా ఉక్రెయిన్ వాళ్లు ఆనకట్ట తెరిచి ఇర్పిన్ నది నీళ్లను పొలాల మీదికి వదిలేశారు. రష్యా సైన్యం ఎప్పటి నుంచో రైలు మార్గాల మీద ఆధారపడి సరుకు చేరవేసుకునే సైన్యం. రైలు దాటాక ట్రక్కులే దిక్కు, ఆ ట్రక్కులనే ఉక్రెయిన్ వాళ్లు ఏరి ఏరి కొట్టారు.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఫిబ్రవరి 26 పొద్దున రష్యా ప్రభుత్వ వార్తాసంస్థ రియా నోవొస్తి "ఉక్రెయిన్ రష్యా దగ్గరికి తిరిగి వచ్చేసింది" అన్న ధోరణిలో ఒక విజయ వ్యాసం ప్రచురించి, తర్వాత గుట్టుచప్పుడు కాకుండా తీసేసింది. రెండో రోజు కల్లా పని అయిపోతుందని ముందే రాసి పెట్టుకున్నారన్నమాట! ఏప్రిల్ మొదటి వారానికల్లా రష్యా సైన్యం కీవ్ చుట్టుపక్కల నుంచి మొత్తం వెళ్లిపోయింది. వాళ్లు ఖాళీ చేశాక కీవ్ పక్కనున్న బుచా వీధుల్లో పౌరుల శవాలు కనిపించాయి. అది ఎదురుదెబ్బల లెక్కలోకి రాదు, నేరాల లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: ఉక్రెయిన్‌కి నేవీయే లేదంటారు. మరి రష్యావాళ్ల మాస్క్వా లాంటి పెద్ద యుద్ధనౌకని ఎలా ముంచారు?
(విశాఖపట్నం)

జవాబు: నేవీ దాదాపు లేదనేది నిజమే. తమ ప్రధాన యుద్ధనౌకని శత్రువు చేతికి చిక్కకుండా మైకొలాయివ్ రేవులో తామే ముంచేసుకున్నారు. మాస్క్వాని ముంచింది ఒడ్డు మీద నుంచి వచ్చిన నెప్ట్యూన్ మిసైళ్లు. 2022 ఏప్రిల్ 13న తగిలాయి, మర్నాడు నౌక మునిగింది. రష్యా మాత్రం అగ్నిప్రమాదం, తుపాను అంది, అందరినీ కాపాడామంది, వారం గడిచాక ఒకరు చనిపోయారు, 27 మంది గల్లంతు అని ఒప్పుకుంది. మీది విశాఖ కాబట్టి మీకు నచ్చే సంగతి ఇంకొకటి: ఆ నౌకని సోవియట్ కాలంలో కట్టింది ఉక్రెయిన్‌లోని మైకొలాయివ్‌లోనే.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. పేలుడు పదార్థం నింపి, దూరం నుంచి నడిపే చిన్న పడవలు, అంటే సముద్ర డ్రోన్లు తయారుచేసి ఉక్రెయిన్ ఒక్కో నౌకనీ వేటాడింది. 2023 సెప్టెంబరులో క్రిమియా సెవాస్తొపోల్‌లోని రష్యా నల్లసముద్ర నౌకాదళ హెడ్‌క్వార్టర్స్ మీదే మిసైల్ పడింది. దాంతో ముఖ్యమైన నౌకల్ని తూర్పున నొవొరొస్సీస్క్‌కి తరలించుకున్నారు. ఉక్రెయిన్ ధాన్యాన్ని నల్లసముద్రం మీదుగా వెళ్లనిచ్చే ఒప్పందం నుంచి రష్యా 2023 జులైలో బయటికి వెళ్లిపోయినా ఒడెసా రేవుల నుంచి ఓడలు మళ్లీ కదలగలిగాయంటే కారణం ఇదే. 2022లో మన వంటింట్లో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎక్కడికి పోయిందో గుర్తుంది కదా, యుద్ధానికి ముందు మనకి ఆ నూనె ఎక్కువగా వచ్చింది ఆ రేవుల నుంచే.

ప్రశ్న: సార్, 2022 సెప్టెంబరులో ఖార్కివ్ దగ్గర కొద్ది రోజుల్లోనే అంత భూమి ఎలా పోగొట్టుకున్నారు? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
(డిగ్రీ విద్యార్థి, హనుమకొండ)

జవాబు: దక్షిణాన ఖేర్సన్ మీద దాడి చేస్తామని ఉక్రెయిన్ ఊరంతా దండోరా వేసింది తమ్ముడూ. రష్యా నమ్మి మంచి బలగాలను అటు పంపింది. ఉత్తరాన మిగిలింది పల్చటి వరుస, వెనక రిజర్వు లేదు. సెప్టెంబరు 6న ఉక్రెయిన్ వాళ్లు బలాక్లియా దగ్గర ఆ వరుసని చీల్చుకుని లోపలికి వచ్చేశారు, 10కల్లా రైల్వే జంక్షన్ కుప్యాన్‌స్క్ చేరారు, ఇజ్యూమ్‌లో ఉన్న రష్యా సైనికులు ట్యాంకులూ గుండ్లూ వదిలేసి పరుగో పరుగు. ఇక్కడ మోసపోవడం ఒక ఎత్తయితే, మనుషులు చాలకపోవడం ఇంకో ఎత్తు. దీన్ని యుద్ధం అనకుండా "ప్రత్యేక సైనిక చర్య" అనడంతో జనాన్ని సైన్యంలోకి పిలవడానికి అంతవరకూ మొహమాటపడ్డారు. ఈ దెబ్బతో ఆ మొహమాటం పోయింది. సెప్టెంబరు 21న మూడు లక్షల మందికి పిలుపు ఇచ్చారు, ఆ పిలుపు వినగానే దేశం దాటిన కుర్రాళ్లూ లెక్కలేనంత మంది.

ఖేర్సన్ కథ దీనికి విరుద్ధం. దాన్ని నిదానంగా, వంతెనలు కొట్టి సాధించారు. అమెరికా ఇచ్చిన హైమార్స్ రాకెట్లతో ద్నీప్రో నది మీది అంతొనివ్‌స్కీ వంతెనని తూట్లు పొడిచి, అవతలి ఒడ్డున ఉన్న వేల మంది రష్యా సైనికులకి సరుకు అందకుండా చేశారు. సెప్టెంబరు 30న "ఇది రష్యాలో భాగం" అని మాస్కోలో సంతకాలు, నవంబరు 11న ఉక్రెయిన్ సైన్యం నగరంలోకి ప్రవేశం. 2022 దాడి మొదలయ్యాక రష్యా పట్టుకున్న ఒకే ఒక్క ప్రాంతీయ రాజధాని అది. అయితే రష్యా అలా వెనక్కి తగ్గడం మాత్రం క్రమశిక్షణతో జరిగింది, ఇజ్యూమ్‌లో లాగా పారిపోలేదు. నేర్చుకోవడం అప్పటికే మొదలైందని నా లెక్క.

ప్రశ్న: మన సైన్యం దగ్గరా టి-72, టి-90 ట్యాంకులే ఉన్నాయి. అక్కడ వాటి టరెట్లు (ఫిరంగి ఉండే పై భాగాలు) ఎగిరిపోతుంటే చూసి టెన్షన్‌గా ఉంది.
(సంగారెడ్డి)

జవాబు: మీ జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే శరత్ సాయుధ వాహనం కూడా సోవియట్ బీఎంపీ-2 డిజైనేనండి, కాబట్టి మీ టెన్షన్ అర్థమవుతోంది. టి-72, టి-90ల్లో ఫిరంగి గుండ్లను టరెట్ కిందే, సిబ్బంది కాళ్ల దగ్గర గుండ్రంగా పేర్చుతారు. దాంతో ట్యాంకు చిన్నగా ఉంటుంది, నలుగురికి బదులు ముగ్గురితో నడుస్తుంది. కవచం చీలి మంట లోపలికి వస్తే మాత్రం అన్నీ కలిసి పేలి టరెట్ గాల్లోకి లేస్తుంది. కానీ మొదటి నెలల్లో అన్ని ట్యాంకులు పోవడానికి డిజైన్ కంటే వాడిన తీరే పెద్ద కారణం. పక్కన కాలిబంట్లు లేకుండా రోడ్డు వెంట వరుసగా పంపితే చెట్ల చాటున జావెలిన్ అనే ట్యాంకుల్ని కొట్టే మిసైల్ పట్టుకున్న ఇద్దరు మనుషులు చాలు. తర్వాత తక్కువ ఖర్చు డ్రోన్లు వచ్చి ఏ దేశం ట్యాంకుకైనా అదే గతి పట్టించాయి, పాశ్చాత్యులు ఇచ్చిన లెపర్డ్‌లూ కాలాయి.

ప్రశ్న: ప్రిగోజిన్ తిరుగుబాటు అంతా డ్రామా అంటారు. నిజమేనా?
(గుంటూరు)

జవాబు: డ్రామాలో ప్రభుత్వం తన పైలట్లను తానే చంపించుకోదు. 2023 జూన్ 23, 24 తేదీల్లో ప్రిగోజిన్ సొంత కిరాయి సైన్యం వాగ్నర్ మూక రష్యాలోని రోస్తొవ్ నగరంలోకి దర్జాగా నడిచొచ్చింది, మాస్కో వైపు బయల్దేరింది, దారిలో సైనిక హెలికాప్టర్లను కూల్చింది, చివరికి బెలారుస్ అధ్యక్షుడి మధ్యవర్తిత్వంతో ఆగింది. సరిగ్గా రెండు నెలలకి, ఆగస్టు 23న, ప్రిగోజిన్ విమానం కూలి ఆయన చనిపోయారు.

ప్రశ్న: 1971లో మన వెంట నిలిచిన దేశం రష్యా. విశాఖ ఉక్కు కట్టడానికి సాయం చేసిన దేశం. మీరు వాళ్ల ఓటములే ఏరి రాస్తున్నారు. ఉక్రెయిన్‌కి ఎదురుదెబ్బలు లేవా?
(ఖమ్మం)

జవాబు: ఎందుకు లేవండీ! 2023 వేసవిలో ఎంతో ఆర్భాటంగా మొదలుపెట్టిన ఎదురుదాడి జపొరీజియాలో రొబొతైన్ దగ్గర మందుపాతరల్లో ఇరుక్కుని అక్కడే ఆగిపోయింది. 2024 ఫిబ్రవరిలో అవ్‌దీవ్‌కా పట్టణం పోయింది. అదే ఏడాది ఆగస్టు 6న రష్యాలోని కుర్‌స్క్‌లోకి చొరబడి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు, 2025 వసంతానికి అందులో దాదాపు అంతా వదులుకున్నారు. ఇప్పటికీ ఉక్రెయిన్‌లో సుమారు ఐదో వంతు రష్యా చేతిలో ఉంది. రష్యా ఓడిపోయిందని నేను రాయలేదు, అనుకున్నది అనుకున్న ధరకి రాలేదని రాస్తున్నాను.

మీ అభిమానం నాకూ తెలుసు. కాకపోతే 1971లో మన వెంట నిలిచింది సోవియట్ యూనియన్, అందులో ఉక్రెయిన్ కూడా ఉంది. మన వాయుసేన నడిపే ఆన్-32 రవాణా విమానం డిజైన్ కీవ్‌దే, రష్యాలో కట్టించుకున్న మన తల్వార్ తరగతి నౌకల టర్బైన్లు మైకొలాయివ్‌వే. ఆ కృతజ్ఞతలో ఇద్దరికీ వాటా ఉంది.

ప్రశ్న: చనిపోయినవాళ్ల లెక్క ఎవరిది నమ్మాలి?
(రాజమహేంద్రవరం)

జవాబు: రెండు ప్రభుత్వాలవీ పక్కన పెట్టండి. రష్యన్ స్వతంత్ర వార్తాసంస్థ మీడియాజోనా, బీబీసీ రష్యన్ విభాగం కలిసి సంతాప ప్రకటనలు, సమాధులు, కోర్టు రికార్డులు చూసి పేరు పేరునా రాసుకుంటున్న జాబితా ఉంది. రష్యా సైనికుల వరకే అది 2025లో లక్ష దాటింది. పేరు దొరికినవాళ్ల లెక్కే అది, కాబట్టి అసలు సంఖ్య అంతకంటే ఎక్కువ. 2025 జూన్ 1న ట్రక్కుల్లో దాచిన డ్రోన్లతో రష్యా లోపలి ఎయిర్‌బేస్‌ల మీద చేసిన దాడిలోనూ ఇంతే. ఉక్రెయిన్ 41 విమానాలు అంది, అమెరికా అధికారుల అంచనా అందులో సగం. సగమైనా బాంబర్లు బాంబర్లే, టీయూ-95 బాంబర్లు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది.

ప్రశ్న: మా తమ్ముడికి ఏజెంటు రష్యాలో ఉద్యోగం అంటున్నాడు. సైన్యంలో హెల్పర్ పని, యుద్ధం జరిగే చోటికి పంపరు, మంచి జీతం అంటున్నాడు. పంపవచ్చా?
(నిజామాబాద్ నుంచి ఒక అక్క)

జవాబు: వద్దమ్మా. ముందు జైళ్ల నుంచి ఖైదీలను తెచ్చారు, తర్వాత పేద ప్రాంతాల్లో సంతకానికి భారీ మొత్తాలు ఇచ్చారు, కుర్‌స్క్‌కి ఉత్తర కొరియా సైనికులు వేల సంఖ్యలో వచ్చారు. మనుషుల కొరత అక్కడ అంత ఉంది. ఇదే హెల్పర్ మాట చెప్పి తీసుకెళ్లిన మనవాళ్లను ముందు వరుసలోకి పంపారు, అలా వెళ్లిన హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయారని 2024లో తెలిసింది. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి తెలిసిన 126 మంది భారతీయుల్లో 12 మంది చనిపోయారు, 16 మంది ఆచూకీ లేదు. ఏజెంట్ల మీద సీబీఐ కేసులున్నాయి. కాంట్రాక్టు రష్యన్‌లో ఉంటుంది, సంతకం పెట్టాక పాస్‌పోర్ట్ చేతిలో ఉండదు. ఏ దేశానికైనా సరే, ఏజెంటుకి విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీ తమ్ముడు ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే పోలీస్ కంప్లయింట్ ఇవ్వండి, ఆ డబ్బు కోసం మాత్రం విమానం ఎక్కనివ్వకండి.