చీరల వెబ్‌సైటుకు ఏ బొమ్మల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

నమస్కారమండి. నారాయణపేట చీరల దుకాణానికి వెబ్‌సైటు తయారుచేస్తున్నానని, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో ఫోటోషాప్‌కు నెలనెలా డబ్బు కట్టాలా, ఉచితమైనది సరిపోతుందా అని అడిగారు.

మీ పనికి గింప్ సరిపోతుంది. 1996 నుంచి అందుబాటులో ఉన్న ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోటోను కత్తిరించడం, రంగు సరిచేయడం, లేయర్లు (బొమ్మలో ఒకదానిపై ఒకటి పేర్చే పొరలు) అన్నీ ఉన్నాయి, కాకపోతే దాని మెనూలు మొదట్లో చికాకు పెడతాయి. అది బరువనిపిస్తే బ్రౌజర్‌లోనే పనిచేసే ఫోటోపీ వాడండి. దుకాణం లోగోను మాత్రం బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో గీయండి, ఎస్‌వీజీగా (బొమ్మను చుక్కలుగా కాక గీతలుగా దాచే ఫైలు రకం) దాచిన బొమ్మ ఎంత పెంచినా చెదరదు.

సాఫ్ట్‌వేర్ కన్నా ముఖ్యమైనది సైజు. ఫోన్‌లో 4000 పిక్సెళ్ల వెడల్పుతో తీసిన ఫోటోను 1200కు తగ్గించి, వందకు 80 నాణ్యతతో జేపెగ్‌గా ఎగుమతి చేస్తే పేజీ త్వరగా తెరుచుకుంటుంది. అయితే నారాయణపేట చీరల్లోని సన్నని గళ్లు, ఫోటోను బాగా చిన్నది చేసినప్పుడు, చీరలో లేని అలల గీతలుగా కనిపించవచ్చు. కొనేవారు దాన్ని నేతలోని లోపమనుకుంటారు కాబట్టి గళ్లను దగ్గరగా తీసిన ఫోటో ఒకటి విడిగా పెట్టండి. జేపెగ్‌ను దిద్ది మళ్లీ దాచిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది గనుక, అసలు ఫోటోను, లేయర్లతో సహా దాచే గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలును చెరిపేయకండి.