ఒంటెల కాడికి పోతున్న అల్లుడికి

అల్లుడూ,

వీసా వచ్చిందని, అది ఇంటి పనీ కాదు డ్రైవరు పనీ కాదు, సౌదీలో ఒంటెల మంద దగ్గర పని అని నిన్న అక్క ఫోన్ చేసి చెప్పింది. "గొర్రెలు కాసినోడే కదరా, ఒంటెలు ఒక లెక్కా వాడికి" అని నవ్వింది కూడా. ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది. ఉదయగిరి కొండ కింద గొర్రెల్ని తోలిన అలవాటు నీకు పనికొస్తుంది, కాదనను. మందలో ఏది మేత మానేసిందో దూరం నుంచే పట్టే కన్ను నీకుంది, అది ఏ జీవాల దగ్గరైనా కావాల్సిందే. కానీ ఒంటె ఒళ్ళు నడిచే తీరు వేరు. అది తెలియకపోతే దాన్ని సరిగ్గా సాకలేవు, ఇంకా పెద్ద ప్రమాదం ఏంటంటే అది ఎండలో ఉంది కదా అని దాని పక్కనే నువ్వూ నిలబడతావు. నేను కువైట్‌లో, తర్వాత సౌదీలో చూసిన కుర్రాళ్ళలో ఎక్కువమంది ఆస్పత్రి పాలైంది ఇందుకే.

ముందు మూపురం సంగతి తేల్చేద్దాం. అందులో నీళ్ళుండవు. ఉండేదంతా కొవ్వు. మన ఒంగోలు గిత్త మూపురం ఎక్కువగా కండ, దీనిది అట్టా కాదు. బాగా మేసిన ఒంటెకి ఆ కొవ్వు 30 కిలోలు దాటి కూడా ఉంటుంది. మేత దొరకనప్పుడు అదే కరుగుతూ దాన్ని బతికిస్తుంది, కరిగేకొద్దీ మూపురం చిన్నదై ఒక పక్కకి వాలుతుంది. కొవ్వు కరిగితే నీరు పుడుతుందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. పుడుతుంది, నిజమే, కానీ ఆ కొవ్వు ఖర్చు కావాలంటే ఎక్కువ గాలి పీల్చాలి, ఆ గాలి వదిలేటప్పుడు ఒంట్లో తేమ కూడా బయటికి పోతుంది, చివరికి మిగిలేదేం లేదు. కొవ్వంతా ఒక్క చోటే పేరుకోవడంలో ఇంకో లాభం ఉంది, ఒళ్ళంతా పరుచుకుంటే లోపలి వేడి బయటికి పోదు. నీకు వీటిలో కావాల్సింది ఒక్కటే: పొద్దున్నే మందని ఒకసారి పక్క నుంచి చూడు, ఎవరి మూపురం వాలుతోందో దానికి మేత చాలడం లేదని అర్థం, లేదా కడుపులో పురుగో ఇంకేదో జబ్బో ఉంది. కఫీల్, అంటే నిన్ను పనికి పెట్టుకున్న యజమాని, అడగకముందే నువ్వే చెప్పు. వాళ్ళకి అట్టాంటి కాపరి మీద గురి కుదురుతుంది.

మరి నీళ్ళు ఎక్కడ దాచుకుంటుందంటే, ఎక్కడా దాచుకోదు. పోనివ్వదు, అంతే. నువ్వు నేను ఎండలో చెమట పట్టి చల్లబడతాం, మట్టికుండ చెమర్చి నీళ్ళు చల్లబడినట్టు. ఒంటెకి నీళ్ళు తక్కువైనప్పుడు అది అంత తొందరగా చెమట పట్టనివ్వదు, ఒంటి వేడినే పెరగనిస్తుంది. తెల్లవారుజామున 34 డిగ్రీలు ఉన్న ఒళ్ళు సాయంత్రానికి 40 దాటుతుంది, రాత్రి ఆకాశం కింద ఆ వేడంతా వదిలేసి మళ్ళీ మామూలవుతుంది. 1950లలో క్నూట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త సహారా ఎడారికి పోయి ఒంటెల దగ్గరే ఉండి ఈ లెక్కలు తీశాడు. పెద్ద ఒంటె ఇట్టా రోజుకి ఐదు లీటర్ల దాకా నీళ్ళు మిగుల్చుకుంటుందట. నీ ఒళ్ళు 40 దాటితే మాత్రం అది వడదెబ్బే, మాట తడబడుతుంది, చెమట ఆగిపోవచ్చు, పడిపోతావు. ఆ ఇసుకలో నిన్ను లేపేవాడు దగ్గర్లో ఉండకపోవచ్చు.

ఇంకో సంగతి. ఒంటె తన బరువులో నాలుగో వంతు నీరు పోయినా లేచి నడుస్తుంది. మనిషికి ఎండలో అందులో సగం పోయినా ప్రాణం మీదికొస్తుంది. ఎందుకంటే మనకి నీరు పోతే రక్తం చిక్కబడి గుండె తోయలేకపోతుంది, ఒంటెకి మాత్రం రక్తంలో నీరు పెద్దగా తగ్గదు, ఒంట్లో మిగతా చోట్ల నుంచి పోతుంది. దాని మూత్రం పాకంలాగా చిక్కగా వస్తుంది, పెంటికలు వేసిన కాసేపటికే పొయ్యిలో పెట్టుకునేంత ఎండుగా ఉంటాయి, నువ్వు టీ కాచుకునేది కూడా వాటితోనే అవ్వచ్చు. ఊపిరి వదిలేటప్పుడు పోయే తేమని కూడా రాత్రిపూట ముక్కులోనే కొంత పట్టేసుకుంటుంది. అంత పీనాసి జీవం ఇంకోటి నేను చూడలేదు. అందుకే పెంటికలు రోజూ గమనించు, పల్చగా పడ్డాయంటే అది చిన్న విషయం కాదు, గొర్రె పారుకున్నట్టు రెండ్రోజులు చూద్దాంలే అనుకోవద్దు.

దప్పికతో వచ్చిన ఒంటె తొట్టి మీద పడిందంటే పది పదిహేను నిమిషాల్లో 100 లీటర్లు లాగేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పొట్ట పగులుతుందేమో అని టెన్షన్ పడి తోలేయబోతావు. తోలొద్దు, తాగనివ్వు. దాని రక్తకణాలు కోలగా ఉంటాయి, రెట్టింపుకి పైగా ఉబ్బినా పగలవు, మనవి అట్టా కాదు. నువ్వు దాన్ని చూసి ఎండలో నుంచి వచ్చి ఒక్క దమ్మున సీసాలకి సీసాలు తాగితే వాంతి చేసుకుంటావు, ఒంట్లో ఉప్పు పల్చబడి కళ్ళు తిరుగుతాయి. నువ్వు దప్పిక కాకముందే కొంచెం కొంచెం తాగాలి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టెలో బట్టలకన్నా ముందు సర్దుకో.

అట్టాగని వాటికి ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళు పెడితే చాలు అనుకునేవు. చలికాలం వానపడి పచ్చిక మొలిచినప్పుడు ఆ పచ్చి మేతలో తేమతోనే వారాల తరబడి నీళ్ళు ముట్టకుండా ఉంటాయి, పిలిచినా రావు. ఎండాకాలం, అందులోనూ ఎండుగడ్డి, బార్లీ మీద ఉన్న మందకి, పాలిచ్చే వాటికి రోజూ పెట్టాల్సిందే. తట్టుకోవడం వేరు, బాగుండటం వేరు, తట్టుకున్న ఒంటె పాలు తగ్గిస్తుంది, కఫీల్ నిన్ను అడుగుతాడు. ట్యాంకర్ ఏ రోజు వస్తుందో చూసుకుని ఒక రోజుకి సరిపడా నీళ్ళు ఎప్పుడూ అడుగున ఉంచు.

బట్టల సంగతి ఇప్పుడు చెబుతా, నవ్వొద్దు. ఎండాకాలం ఒంటె ఒంటి మీద బొచ్చు చాలా వరకు రాలిపోయినా వీపు మీద, మూపురం మీద మిగులుతుంది. చెయ్యి చురుక్కుమనేంత కాలుతుంది ఆ బొచ్చు పైన, లోపల చర్మం మాత్రం చాలా చల్లగా ఉంటుంది. బొచ్చు కత్తిరించిన ఒంటెకి చెమట సగానికి సగం ఎక్కువ పోయిందని ఆ ష్మిట్-నీల్సనే తేల్చాడు. కాబట్టి వీపు మీద బొచ్చు ఊడుతోంది కదా అని చేత్తో పీకి శుభ్రం చేయొద్దు. నువ్వు కూడా మన ఊళ్ళో తిరిగినట్టు బనియను, లుంగీతో తిరగొద్దు. వదులుగా, నిలువునా కప్పే నూలు బట్ట, తలకి షెమాగ్, అదే అరబ్బులు చుట్టుకునే తలగుడ్డ. అరబ్బులు ఎండలో నిండా కప్పుకుని తిరిగేది సోకు కోసం కాదు.

మధ్యాహ్నం ఒంటెలు ఏం చేస్తాయో చూడు. పొద్దున నేల ఇంకా చల్లగా ఉన్నప్పుడే కూర్చుంటాయి, ఎండ పక్కల మీద పడకుండా ముఖం సూర్యుడి వైపు తిప్పుకుంటాయి, మంద మందంతా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. రొమ్ము కింద దిండులాగా గట్టిపడిన చర్మం ఉంటుంది, దాని మీద ఆనడం వల్ల పొట్ట నేలకి తగలదు, కింద నుంచి గాలి ఆడుతుంది. మన గొర్రెలు మిట్టమధ్యాహ్నం ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడవూ, అదే తెలివి. గుమిగూడాయని కర్ర పట్టుకుని విడగొట్టడానికి పోవద్దు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది, కానీ ఎడారిలో మంద దగ్గరికి వచ్చి చూసేవాడెవడు? ఆ మూడు గంటలు నీడ పట్టు. పక్కనే కువైట్‌లో మిత్రిబా అనే చోట 2016 జూలైలో 53.9 డిగ్రీలు కొట్టింది. మన రోహిణి కార్తె దాని ముందు ఏపాటిది.

మేత విషయంలో నీకు కొత్తేం ఉండదు. ముళ్ళ కంపలు, ఉప్పు రుచి ఉండే పొదలు దానికి ఇష్టం. మన చిల్ల చెట్లలాంటివి అక్కడా కనపడతాయి, మన మేకలు ఏరుకుని తినేది అది ముల్లుతో సహా నమిలేస్తుంది, నోటి లోపలంతా గట్టి మొనలు ఉంటాయి కాబట్టి ముల్లు గుచ్చుకోదు. మిగతా పశువుల కన్నా ఉప్పు చాలా ఎక్కువ కావాలి. ఉప్పు గడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, లేకపోతే ఒంటి మీద పుళ్ళు వస్తాయి, నీరసపడతాయి. బార్లీ ఎక్కువ పెడితే పొట్ట ఉబ్బుతుంది, కొత్త దాణా ఏదైనా కొంచెం కొంచెంగా అలవాటు చేయి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం అక్కడ పెద్ద శాపం. టెంట్లు వేసుకుని వచ్చినవాళ్ళు పారేసి పోతారు, ఉప్పు వాసనకో ఏమో ఒంటె మింగేస్తుంది, అవి కడుపులో ముద్ద కట్టి నెలల తరబడి కుంగదీసి చంపుతాయి. మంద మేసే చోట కవర్లు ఏరడం నీ పని కాదని ఎవరైనా అంటే కూడా నువ్వు ఏరు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన మాట. మగ ఒంటె చలికాలంలో ఎదకొస్తుంది. పళ్ళు కొరుకుతుంది, నోటి నిండా నురగ, మేత మానేస్తుంది, నోటి పక్క నుంచి ఎర్రటి బుడగలాంటిది బయటికి వేలాడేసి గుడగుడమంటుంది, తల వెనక నల్లగా కారుతుంది, తోకతో మూత్రం వీపు మీద చిమ్ముకుంటుంది. ఇవి కనిపించాయంటే అది నిన్నటిదాకా నీ చేతిలో మేత తిన్న ఒంటె కాదు. దాని నోట్లో కోరలుంటాయి, చెయ్యి పట్టిందంటే ఎముక మిగలదు, మీద పడి రొమ్ముతో నలిపేస్తుంది. ఒంటరిగా దగ్గరికి పోవద్దు, వీపు తిప్పొద్దు, దాని ముందు కింద కూర్చోవద్దు. ముందరి కాళ్ళకి బంధం వేసే పని పాత కాపరి ఎవరైనా సూడానీ ఉంటే అతని దగ్గర నేర్చుకో, వాళ్ళు ఒంటెల మధ్యే పుట్టి పెరిగినవాళ్ళు. మామూలు రోజుల్లో కూడా ఒంటె నాలుగు కాళ్ళతోనూ తంతుంది, ముందుకీ వెనక్కీ పక్కకీ, గేదె లెక్క వేసుకుని పక్కన సేఫ్ అనుకోవద్దు. కొట్టొద్దు కూడా. పగ పట్టడంలో ఒంటె తర్వాతే ఎవరైనా అని అరబ్బుల్లో సామెతే ఉంది, నా కళ్ళతో చూశాక నేను దాన్ని కాదనను. దాని పగకి భయపడే కాదు, డబ్బు లెక్కతో కూడా చెబుతున్నా, అందాల పోటీలకి పెంచే ఒంటె ఒక్కటి మన ఊళ్ళో ఇళ్ళు కొనేంత ధర పలుకుతుంది. 2018లో సౌదీలో మూతులకి బొటాక్స్ ఇంజెక్షన్లు పొడిపించారని 12 ఒంటెల్ని పోటీ నుంచి తీసేశారు, అంత పిచ్చి అక్కడ. అట్టాంటి దాని మీద కర్ర దెబ్బ కనపడితే నీ జీతం గతి ఏమవుతుందో ఆలోచించు.

ఈనడం కూడా చలికాలంలోనే ఎక్కువ. చూలు 13 నెలలు, ఒక్కటే పిల్ల. పిల్ల కొద్ది గంటల్లో లేచి జున్నుపాలు తాగిందో లేదో చూడు, తాగకపోతే పట్టి తాగించు, తల్లి దగ్గరికి మాత్రం మెల్లగా పో. పిల్ల ముందు చప్పరిస్తే గానీ పాలు దిగవు, దిగాక కూడా కాసేపే, ఆ కాసేపట్లో ఇద్దరు చెరో పక్క నిలబడి గబగబా పిండేయాలి. ఒంటికాలి మీద నిలబడి మోకాలి మీద గిన్నె ఆనించి పిండుతారు, వారం పడుతుంది అలవాటవడానికి. వాళ్ళు నురగతో పచ్చిపాలే తాగుతారు, నీకూ గిన్నె అందిస్తారు. మర్యాదగా తీసుకో, కాచుకుని తాగు. పచ్చిపాలతో మాల్టా జ్వరం వస్తుంది, నెలల తరబడి కీళ్ళు పీకేస్తుంది. మెర్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు 2012లో సౌదీలోనే బయటపడింది, అది కూడా ఒంటెల నుంచి అంటుకుంటుంది. ముక్కు కారే ఒంటె పిల్లల దగ్గర మాస్కు పెట్టుకో, ముద్దు చేయొద్దు, తర్వాత చేతులు సబ్బుతో కడుగు. జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకి ఒంటెల దగ్గర పని అని ముందే చెప్పు.

ఇసుక గాలి లేస్తే ఒంటె ముక్కు మూసుకుని, రెండు వరసల రెప్పవెంట్రుకలు దించుకుని కూర్చుంటుంది. నువ్వూ అట్టాగే మూతికి గుడ్డ చుట్టుకుని ఉన్నచోటే కూర్చో, మందని వెతకబోవద్దు.

కాగితాల గురించి మీ నాన్న చూస్తాడులే గానీ, ఏజెంటుకి లైసెన్సు ఉందా లేదా కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ఈ-మైగ్రేట్ సైట్లో నువ్వే చూడు, వీసా మీద పని పేరు ఏం రాశారో అరబ్బీ వచ్చినవాళ్ళతో చదివించుకో. ఒకటి చెప్పి ఇంకో పనికి పంపడం మన వింజమూరు, కనిగిరి వైపు కొత్తేం కాదు. పాస్‌పోర్టు, వీసా ఫోటోలు అక్క ఫోన్లో ఉంచు.

ఎడారి అంటే ఎండే అనుకుని పల్చటి దుప్పటితో బయల్దేరేవు. సౌదీ ఈశాన్యాన హఫర్ అల్ బాతిన్ వైపు జనవరి రాత్రులు సున్నా డిగ్రీల దాకా పోతాయి, ఒంటెకి అప్పటికి బొచ్చు ఒత్తుగా వచ్చేసి ఉంటుంది. మందపాటి రగ్గు, రెండు స్వెట్టర్లు, ఉన్ని సాక్సులు పెట్టుకో, బరువెక్కువైతే పచ్చళ్ళ డబ్బా ఒకటి తగ్గించు, అక్క ఏమన్నా అంటే నేను చెప్పానని చెప్పు.

మీ మామ