ఆ ప్యాకెట్ చదివింది మీరే కదా!

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె. తొమ్మిదితోనే నా చదువు ఆపేశారు. ఇప్పుడు 22 ఏళ్లు, ఏడాదిన్నర బాబు. ఓపెన్ స్కూల్‌లో పది కడతానంటే మా అత్తమ్మ ‘నువ్వు పుస్తకం పడితే పిల్లగాడు ఎండిపోతడు’ అంటోంది. మా ఆయన నోరు మెదపడు. పోయిన నెల బాబుకు విరేచనాలైతే అత్తమ్మ ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం గ్లాసు నీళ్లలో కలపబోయింది. నేను చదివి, లీటరు నీళ్లలో కలిపాను. ‘నాకే నేర్పుతవా’ అని అప్పట్నుంచి మాట్లాడట్లేదు. బిడ్డకు అన్యాయం చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా. ఆ గ్లాసు సంగతి చదివి గుండె ఝల్లుమంది. ప్యాకెట్ మొత్తం గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై, అసలే ఒంట్లో నీరు పోయిన పసివాడికి ప్రాణం మీదికొచ్చేది. మీకు ఆ నాలుగు ముక్కలు చదవడం వచ్చింది. అంతకంటే పెద్ద విషయం, అత్తగారి ముందు ‘ఇలా కాదు’ అనే ధైర్యం వచ్చింది.

జాన్ కాల్డ్‌వెల్ అనే జనాభా పరిశోధకుడు నైజీరియా కుటుంబాల లెక్కలతో 1979లో చెప్పింది ఇదే. చదువుకున్న తల్లికి జబ్బుల గురించి తెలియడం ఒక్కటే కాదు, ఇంట్లో ఆమె మాట చెల్లుతుంది. బిడ్డకు బాగోలేకపోతే ఎవరో చెప్పేదాకా ఆగకుండా ఆస్పత్రికి బయల్దేరుతుంది. 175 దేశాల లెక్కలు చూసి 2010లో లాన్సెట్ పత్రికలో మరో అధ్యయనం వచ్చింది. 1970 నుంచి 2009 దాకా ఐదేళ్లలోపు పిల్లల మరణాలు తగ్గడంలో సగం ఆడవాళ్ల చదువు పెరగడం వల్లేనని అంచనా వేసింది.

అత్తమ్మ మీద కోపం పెట్టుకోకండి. ప్యాకెట్ చదవలేకపోవడం ఆమె తప్పు కాదు, ఆమెను బడికి పంపినవాళ్లు లేరు. ఈసారి అంగన్‌వాడీలో బాబు బరువు తూచే రోజు ఆమెను వెంట తీసుకెళ్లండి. కార్డులో చుక్క ఎక్కడ పడిందో, పోయిన నెల ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. మనవడు ఎండిపోతున్నాడో ఎదుగుతున్నాడో ఆమే చూస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ ఆయన మౌనం. పరీక్ష ఫీజు ఆయనే కట్టాలని, మీరు క్లాసుకెళ్లిన రోజు బాబును ఆయనే చూసుకోవాలని సూటిగా అడగండి. సబ్జెక్టులన్నీ ఒక్కసారే గట్టెక్కాల్సిన పని లేదని కూడా చెప్పండి.

అన్నట్టు, విరేచనాలప్పుడు జింక్ మాత్రలు ఇచ్చారా? విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి. చాలామంది మూడో రోజే ఆపేస్తారు. మళ్లీ అవసరం పడితే ఆశా కార్యకర్తను అడిగి తీసుకోండి.