ఆపరేషన్ తేదీ దాకా ఎలా గడపాలి? పాఠకుల ప్రశ్నలకు మత్తు డాక్టరు జవాబులు

ఈసారి మూడు ఉత్తరాలు తీసుకున్నాను. మూడూ ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న ఇళ్ల నుంచి వచ్చినవే.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 42 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని స్కానింగ్‌లో తేలింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి రెండుసార్లు వాయిదా వేశారు, ఎమర్జెన్సీ కేసులు వచ్చాయట. ఇప్పుడు తినాలంటే భయం, ఎవరింటికైనా వెళ్లాలంటే భయం, రాత్రిపూట కాస్త నొప్పనిపిస్తే ఇక నిద్ర పట్టదు. భయంతో తిండి చాలావరకు మానేశాను. ఇంట్లోవాళ్లేమో "చూడ్డానికి బాగానే ఉన్నావు కదా" అంటారు, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "ఇంకా కాలేదా?" అంటారు. ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదు.

జవాబు: ముందు తిండి సంగతి చూద్దాం, ఎందుకంటే భయపడి మీరు చేస్తున్న పనే మీకు ఎదురు తిరిగేలా ఉంది. కొవ్వున్న తిండి లోపలికి వెళ్లగానే గాల్‌బ్లాడర్ ముడుచుకుని పైత్యరసాన్ని పేగులోకి నెడుతుంది, అప్పుడు రాయి దారికి అడ్డం పడితే నొప్పి. నూనె, కొవ్వు తగ్గించమనేది అందుకే. కానీ అసలు తినకపోతే ఆ రసం కదలకుండా నిలవుండిపోయి చిక్కబడుతుంది, అతి తొందరగా బరువు తగ్గినవాళ్లలో కొత్త రాళ్లు ఏర్పడటం బాగా తెలిసిన విషయమే. పైగా కండ కరిగి నీరసంతో ఆపరేషన్ టేబుల్ ఎక్కితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. కొంచెం కొంచెంగా, వేళకి, మాంసకృత్తులు తగ్గకుండా తినండి. ఏది పడట్లేదో మీకే తెలుస్తుంది, చుట్టుపక్కలవాళ్లు చెప్పే జాబితాలన్నీ పాటిస్తే చివరికి మంచినీళ్లే మిగులుతాయి.

ప్రతి నొప్పికీ భయపడకుండా ఉండాలంటే ఏ నొప్పికి భయపడాలో తెలియాలి. కుడివైపు పక్కటెముకల కింద పట్టేసి, ఒక్కోసారి వీపుకో కుడి భుజానికో పాకి, అరగంట నుంచి కొన్ని గంటలుండి తగ్గిపోయేది మీకిప్పటికే తెలిసిన నొప్పి. అదే అయిదారు గంటలైనా తగ్గకపోతే, చలిజ్వరం వస్తే, కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులోకి మారితే, లేదా పైకడుపులో తీవ్రంగా మొదలై వీపులోకి పొడుస్తూ వాంతులవుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. రాయి పైత్యరసం పోయే నాళంలోకి జారిందేమో, గాల్‌బ్లాడర్‌కో పాంక్రియాస్‌కో (క్లోమగ్రంథికి) వాపు వచ్చిందేమో వెంటనే చూడాలి. అప్పుడు తేదీతో పనిలేదు, నేరుగా ఎమర్జెన్సీకే. ఈ లక్షణాలు ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించేచోట అంటించండి, "బాగానే ఉన్నావు కదా" అనేవాళ్లు కూడా చదువుతారు.

వాయిదాల గురించి. పేగు చిల్లుపడ్డవాళ్లూ ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్లూ వస్తే, తేదీ ఇచ్చినవాళ్లే వెనక్కి జరుగుతారు. అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ పొద్దున్నుంచి పరగడుపున కూర్చున్న మనిషికి ఆ సంగతి సాయంత్రం చెప్పడం మాత్రం తప్పే, అది మా ఆస్పత్రులవాళ్లం మార్చుకోవాలి. మీ వైపు నుంచి ఒక పని చెయ్యండి, నొప్పి వచ్చిన ప్రతిసారీ ఏ రోజు, ఎంతసేపు, జ్వరం ఉందా, దేనితో తగ్గింది అని రాసిపెట్టుకోండి. "చాలా నొప్పిగా ఉంటోందండీ" అంటే డాక్టరు తలూపి ఊరుకోవచ్చు, ఆ కాగితం చూపించి "కిందటి నెల కంటే ఎక్కువైంది, మళ్లీ ఒకసారి చూడండి" అంటే మీ వరస ముందుకి జరిగే అవకాశం ఉంది. ఎవరిదైనా ఆపరేషన్ ఆగిపోతే ఆ ఖాళీలోకి ఒక్క రోజు ముందు చెప్పినా వస్తానని కూడా చెప్పి ఉంచండి. చాలామందికి ఇది అడగొచ్చని తెలియదు.

ఇక ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం. ఇక్కడ నేను కాస్త మొండిగానే చెప్తాను. "ఆపరేషన్ అయ్యాక చూద్దాం" అన్న మాట నోటికి చాలా తేలిగ్గా వస్తుంది, మొదట ప్రయాణం ఆగుతుంది, తర్వాత స్నేహితులు, ఆ తర్వాత నడక, చివరికి జుట్టు కత్తిరించుకోవడం కూడా. ఆస్పత్రి వాయిదా వేసింది ఒక్క ఆపరేషన్‌నే, మిగతావన్నీ మనం వేసుకున్నవి. నెలల ముందు ప్లాన్లు వద్దు, ఈ వారానికి మాత్రం వేసుకోండి. ఎవరింటికైనా వెళ్తే "మధ్యలో లేచి వచ్చేస్తే ఏమీ అనుకోకండి" అని ముందే చెప్పండి, దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడుందో చూసుకోండి, వెళ్లండి. "ఇంకా కాలేదా" ఫోన్లు ఇంట్లో ఇంకొకరికి అప్పగించి "తేదీ తెలియగానే మేమే చెప్తాం" అనిపించండి, వివరణలు అక్కర్లేదు. వారాల తరబడి నిద్ర లేకపోతే, దేని మీదా మనసు నిలవకపోతే మాత్రం అది ఉత్త టెన్షన్ అని వదిలెయ్యకుండా, జ్వరం గురించి చెప్పినంత మామూలుగా డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: మా ఆయనకి 66 ఏళ్లు, షుగర్ ఉంది. మోకాలి మార్పిడికి ఇంకో మూడు నెలలు పడుతుందన్నారు. కుర్చీలోంచి లేవరు, నొప్పి మాత్రలు ఏది దొరికితే అది వేసుకుంటారు, సిగరెట్ "ఆపరేషన్ రోజున మానేస్తాలే" అంటారు. చిరాకంతా నా మీదే.

జవాబు: ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి. కదలకుండా కూర్చుంటే మోకాలికి మంచిదని అనుకుంటున్నట్టున్నారు, కూర్చున్నకొద్దీ తొడ ముందు కండ పీలబడిపోతుంది, ఆపరేషన్ అయ్యాక ఆయన్ని నిలబెట్టాల్సింది ఆ కండే. కుర్చీలో కూర్చునే కాలు చాచి, కొన్ని సెకన్లు బిగించి దించమనండి, ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి సరిగ్గా నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. చేతికర్ర నొప్పి కాలు వైపు కాదు, రెండో చేతిలో పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

సిగరెట్ కనీసం 4 వారాల ముందు మానితే ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల ఇబ్బందులు, గాయం సరిగా మానకపోవడం తగ్గుతాయి. ఆ రోజున మానడమంటే ఏమిటో నాకర్థం కాలేదు, ఆ రోజు ఎలాగూ మేం తాగనివ్వం కదా. మాత్రల సంగతి ఇంకా ముఖ్యం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రెండూ ఒకే జాతి మందులు, రెండూ కలిపి వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు గానీ కడుపులో పుండు, కిడ్నీ దెబ్బతినడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి. పారాసిటమాల్ కూడా పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, జలుబు మాత్రల్లో ఉండేదీ ఆ లెక్కలోకే వస్తుంది. మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అని ఎవరైనా అంటే ముందు సర్జన్‌ని అడగండి, ఆపరేషన్‌కి 3 నెలల లోపు అయితే ఇన్ఫెక్షన్ భయంతో సాధారణంగా వద్దంటారు.

షుగర్ అదుపులో లేకపోతే తేదీ మళ్లీ జరుగుతుంది, అది ఇప్పుడే చూపించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతుంటే మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపిస్తాం, ఎందుకంటే తిండి లేనప్పుడు షుగర్ పెద్దగా పెరగకపోయినా వీటివల్ల రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. అయితే ఏ మందు ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాయించుకోండి, సొంతంగా ఏదీ ఆపొద్దు. రక్తం పలచబడే మాత్రలు, స్టెరాయిడ్లు అయితే మరీ.

ఆయన చిరాకు నొప్పి వల్లే కావచ్చు, అయినా అదంతా మీరే భరించాలని ఎక్కడా లేదు. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో మీకు పని ఇంకా పెరుగుతుంది కాబట్టి ఇప్పట్నుంచే వారానికో పూట ఆయన్ని ఇంకొకరికి అప్పగించి బయటికి వెళ్లండి. కనుక్కోవడానికి పదిసార్లు ఫోన్ చెయ్యకండి.

ప్రశ్న: మా అయిదేళ్ల పాపకి టాన్సిల్స్ ఆపరేషన్. ముందే చెప్తే ఏడుస్తుంది, షికారుకని చెప్పి తీసుకెళ్దాం అంటున్నారు మా అత్తగారు. నిజం చెప్పాలా?

జవాబు: చెప్పండి. మరీ వారాల ముందు వద్దు, ఆ వయసుకి రెండు మూడు రోజుల ముందు చాలు. "నిద్రపుచ్చుతారు, నిద్రలో ఏమీ తెలియదు, లేచాక గొంతు నొప్పిగా ఉంటుంది, దానికి మందిస్తారు" అనండి. అసలు నొప్పే ఉండదని మాత్రం చెప్పొద్దు, లేచాక ఇంకెవరి మాటా నమ్మదు. షికారని చెప్పి తెచ్చిన పిల్లలు మాస్కు చూడగానే ఎంత బెదిరిపోతారో థియేటర్ గుమ్మం దగ్గర మేం చూస్తూనే ఉంటాం, అత్తగారికి నా మాటగానే చెప్పండి.

తిండి, పాలు 6 గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు మామూలుగా 2 గంటల ముందు దాకా ఇవ్వొచ్చు, మీ ఆస్పత్రివాళ్లు వేరే టైం చెప్తే అదే పాటించండి. ఏడుస్తోందని పాలు పట్టేసి మాకు చెప్పకుండా ఉండొద్దు, మత్తులో అవి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే చాలా ప్రమాదం. ఊగుతున్న పన్ను ఉంటే అదీ చెప్పండి. తేదీ పోతుందని జలుబు, దగ్గు దాచేవాళ్లు కూడా ఉన్నారు, జలుబు తగ్గాక కూడా కొన్నాళ్ల పాటు శ్వాసనాళాలు సున్నితంగా ఉండి మత్తిచ్చేటప్పుడు బిగుసుకుపోవచ్చు. పాప ముక్కు కారడం మొదలైతే ఆపరేషన్ ఉదయం దాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి, వాళ్లు చూసి చెప్తారు.