ఇస్తాంబుల్ వెళ్తున్నావుగా, పాట ఎక్కడ దొరుకుతుందో చెప్తా విను

అమ్మలూ,

పన్నెండు రోజులు టర్కీ వెళ్తున్నామని, అక్కడ మంచి సంప్రదాయ సంగీతం ఎక్కడ వినాలో చెప్పమని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఆ ప్రశ్న మార్చుకో. హైదరాబాద్‌లో దిగినవాడెవడైనా "ఇక్కడ సంప్రదాయ సంగీతం ఎక్కడండీ" అంటే మనమేం చెప్తాం? త్యాగరాయ గానసభకి పంపాలా, ఒగ్గు కథకి పంపాలా, దర్గాలో ఖవ్వాలీకి పంపాలా? అక్కడా అంతే. జానపదాన్ని వాళ్ళు "హల్క్" సంగీతం అంటారు, అందులో పాటని "తుర్కు" అంటారు. ఒట్టోమన్ల కాలంలో ఆస్థానాల్లో పెరిగిన శాస్త్రీయం "సనత్" సంగీతం. రూమీ కవి బాటలో నడిచే మెవ్లెవీ సూఫీలది మళ్ళీ వేరు. ఇవేవీ చెప్పకుండా ఊరికే టర్కిష్ మ్యూజిక్ అని అడిగావనుకో, హోటల్ కౌంటర్లో కుర్రాడు బెల్లీ డ్యాన్స్ డిన్నర్ కరపత్రం ఒకటి చేతిలో పెడతాడు. అతన్ని అని లాభం లేదు, కమీషన్ బతుకు.

నీకు మొదటి రాత్రికి నేను చెప్పేది తుర్కు ఎవి. "ఎవి" అంటే ఇల్లు, పాటల ఇల్లన్నమాట. ఇస్తాంబుల్ నడిబొడ్డున బెయోలులో ఇస్తిక్లాల్ వీధి పక్క సందుల్లో, బాస్ఫరస్ జలసంధి అవతలి ఒడ్డున కడికొయ్‌లో ఉంటాయి. మేడ మీద చిన్న హాలు, ఓ మూల ఇద్దరో ముగ్గురో వాయించేవాళ్ళు, చేతిలో బాగ్లామా (పొడుగు మెడ తీగల వాయిద్యం, పలికేటప్పుడు గ మింగేసి బాలమా అంటారు, సాజ్ అన్నా అదే). తొమ్మిదింటికి వెళ్తే కుర్చీలు ఖాళీగా ఉంటాయి, మోసపోయామనుకుని లేచి వచ్చేయకు, పది దాటాక నిండుతుంది. మొదట ఎవరి కబుర్లలో వాళ్ళుంటారు. ఎవరో చిన్న టిష్యూ కాగితం మీద పాట పేరు రాసి వెయిటర్ చేత పంపిస్తారు, దాన్ని "ఇస్తెక్" అంటారు, కోరిక. పాడేవాడు అది చదివి కాగితాన్ని మోకాలి కింద పెట్టుకుని ఎత్తుకుంటాడు. రెండో చరణానికి హాలంతా పాడుతుంటుంది, టీ గ్లాసులు తీసే కుర్రాడితో సహా. నేను ఓసారి "బొజ్లాక్" అని ఒక్క మాట రాసి పంపాను. అది మధ్య అనటోలియా వైపు పాట, తాళం లేకుండా గొంతెత్తి గుండె చింపుకున్నట్టు పాడతారు. పాడేవాడు కాగితం చూసి, తలెత్తి నన్ను వెతుక్కుని, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత మా బల్ల మీదికి ఎవరు పంపారో తెలియకుండా పళ్ళ ప్లేటు వచ్చింది.

అక్కడే ఇంకో జాగ్రత్త. ఇస్తిక్లాల్ మీద నడుస్తుంటే ఎవడో వచ్చి ఇంగ్లీషులో "ఎక్కడినుంచి బ్రదర్, లైవ్ మ్యూజిక్ ఉంది, రండి" అంటే ఆగొద్దు. మొదటిసారి నేను వెళ్ళాను, రెండు బీర్లకి వాళ్ళు వేసిన బిల్లు మీ అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. పిలిచేచోటికి కాదు, నువ్వు వెతుక్కుని మెట్లెక్కి వెళ్ళే చోటికి వెళ్ళు. కూర్చునేముందే మెనూ అడిగి, సంగీతానికి విడిగా డబ్బు కట్టాలా అని తేల్చుకో.

మెయ్‌హానెల్లో, అంటే వాళ్ళ తాగుడు హోటళ్ళలో, ఫసిల్ అని ఉంటుంది, సనత్ పాటల వరస, కానూనూ (ఒళ్ళో పెట్టుకుని మీటే తీగల వాయిద్యం) వయొలినూ క్లారినెట్టూ పెట్టుకుని వాయిస్తారు. బాగుంటుంది కానీ అక్కడ తాగుడూ తిండీ ముందు, పాట తర్వాత. శాస్త్రీయం నిజంగా వినాలంటే హాలుకే వెళ్ళు. హర్బియెలో జెమాల్ రెషిత్ రెయ్ హాలు ఉంది, ప్రభుత్వ శాస్త్రీయ బృందాల కచేరీలు వేరే హాళ్ళలోనూ జరుగుతాయి, టికెట్లు మన సినిమా టికెట్ల లెక్కలోనే. కానీ వేసవిలో సీజన్ ఉండదు, నేను జూలైలో వెళ్ళి మూసిన తలుపులు చూసొచ్చాను. మీరు నవంబర్‌లో వెళ్తున్నారు కాబట్టి పరవాలేదు.

నువ్వు వయొలిన్ నేర్చుకున్నావు కాబట్టి ఇది చెప్పాలి. వాళ్ళ మకాములు మన రాగాల్లాంటివే, "తక్సిం" మన ఆలాపన లాంటిదే. హిజాజ్ మకాం మొదలవ్వగానే నీకు సరళీ వరసలు గుర్తొస్తాయి, కింది సగం మన మాయామాళవగౌళకి అంత దగ్గర. కాకపోతే రి కాస్త పైన, గ కాస్త కింద పలుకుతాయి. స నుంచి చతుశ్రుతి రి దాకా ఉన్నంత దూరాన్ని వాళ్ళు తొమ్మిది "కోమా"లుగా చూస్తారు, అందుకే పియానో మీద అది దొరకదు. తాళంలో "అక్సాక్" అని తొమ్మిది మాత్రలది ఒకటుంది, రెండు రెండు రెండు మూడు అని లెక్కపెట్టు. అక్సాక్ అంటే కుంటడం.

సూఫీల సెమా, అంటే గుండ్రంగా తిరుగుతూ చేసే ప్రార్థన, చూడాలనుంటే గలాతా మెవ్లెవీహానె ఉంది, 1491 నాటి మఠం, ఇప్పుడు మ్యూజియం, సాధారణంగా ఆదివారం సాయంత్రాలు జరుగుతుంది. టికెట్ ముందే కొనుక్కోండి. తిరిగేవాళ్ళని ఫొటోలు తియ్యడం తర్వాత, ముందు నెయ్ విను. మన నెయ్యి కాదు, రెల్లు వేణువు. ఇది ప్రార్థన, చప్పట్లు కొట్టొద్దు. రూమీ సమాధి ఉన్న కొన్యాలో పెద్ద ఉత్సవం డిసెంబర్ 7 నుంచి 17 దాకా, రూమీ పోయింది 1273 డిసెంబర్ 17న. అది మీకు అందదు.

ఇస్తాంబుల్ దాటి ఒక్క ఊరికి పోగలిగితే ఉర్ఫా పొండి. అక్కడ "సిరా గెజెసి" అని ఉంది, సిరా అంటే వంతు. స్నేహితులు చలికాలంలో వంతులవారీగా ఒకరింట్లో చేరి పాడుకునేవాళ్ళు, పాట నడుస్తుండగానే ఒకాయన చీ కొఫ్తె (పచ్చి మాంసం, గోధుమ రవ్వ, కారం కలిపిన ముద్దలు) పిసుకుతుంటాడు. ఇప్పుడు రాతి భవంతుల్లో టూరిస్టులకీ పెడుతున్నారు. కొంచెం షో వాసన వస్తుంది, అయినా గొంతులు అబద్ధం కాదు.

ఇక రికార్డింగులు. సీడీ షాపులు అక్కడా మన దగ్గరలాగే తగ్గిపోయాయి, ఇస్తిక్లాల్ మీద పెద్ద పుస్తకాల షాపుల్లో ఓ అర ఉంటుంది. కలాన్ అనే కంపెనీ పేరు చూసి కొను. 1991లో హసన్ సాల్తిక్ అనే ఆయన పెట్టాడు, పాత రికార్డుల్ని శుభ్రం చేసి లావుపాటి బుక్‌లెట్‌తో వేశారు, మైనారిటీ భాషల పాటలు కూడా. ఆయన 2021లో పోయాడు. శాస్త్రీయంలో తన్‌బురి జెమిల్ బెయ్‌తో మొదలుపెట్టు, 1916లోనే పోయిన మనిషి, పాత రికార్డు గీతల చప్పుడు మధ్య నుంచి వినపడే ఆ తన్‌బూర్ (ఇదీ పొడుగు మెడ తీగల వాయిద్యమే) ఇప్పటికీ అందరికీ పాఠమే. జానపదంలో ఇద్దరు చాలు: సివాస్ వైపు ఆషిక్ వెయ్‌సెల్, చిన్నప్పుడు మశూచితో చూపు పోయినాయన, కిర్‌షెహిర్ వైపు నెషెత్ ఎర్తాష్, ఇందాక చెప్పిన బొజ్లాక్‌కి ఆయనే. కడికొయ్‌లో అక్మార్ పసాజ్ లాంటిచోట్ల పాత గ్రామఫోన్ రికార్డులు దొరుకుతాయి, కానీ 78 స్పీడు "తాష్ ప్లాక్" మాత్రం కొనకు, సూట్‌కేసులో ముక్కలవుతుంది. నా దగ్గర మూడు ముక్కలున్నాయి, చూపిస్తా.

రాత్రి ఏదైనా పాట నచ్చితే ఫోన్ యాప్ పెట్టి పట్టుకుందామని చూడకు, దొరకదు. పాడినవాడి దగ్గరికి వెళ్ళి పాట పేరూ, "హంగి యొరె" అనీ అడుగు, ఏ ప్రాంతం అని. ఆ రెండూ కాగితం మీద వాళ్ళ చేతే రాయించుకో. వాళ్ళ రేడియో టీఆర్‌టీ పద్దుల్లో ప్రతి తుర్కుకీ ఏ ప్రాంతానిది, ఎవరి నోట విన్నారు, ఎవరు సేకరించారు అని రాసి ఉంటుంది కాబట్టి, పేరూ ఊరూ ఉంటే యూట్యూబ్‌లో అదే పాట పదిమంది గొంతుల్లో దొరుకుతుంది. వాళ్ళ అక్షరాలు చుక్కలతో సహా కొట్టు. హోటల్ గదిలో టీఆర్‌టీ తుర్కు, టీఆర్‌టీ నామె స్టేషన్లు పెట్టుకో.

చివరి రోజు ఇస్తిక్లాల్ చివర ట్యునెల్ దగ్గర గాలిప్ దెదె వీధి దిగు, వరసగా వాయిద్యాల షాపులు. బాగ్లామా మెడ మీద మెట్లు లోహంవి కాదు, దారం చుట్టి ముడేసినవి, జరుపుకోవచ్చు. ఆ పేరే కట్టడం అనే మాట నుంచి వచ్చింది. షాపులో గోడకి వేలాడే మెరుగు నగిషీ వాటిని వదిలేసి, వాయించి చూపించమను. మీ ఆయన కొనేద్దామంటే ఆపు. మా ఇంట్లో బీరువా మీద ఒకటి దుమ్ము పట్టి ఉంది, కావాలంటే అదే తీసుకుపొండి. నాకు మాత్రం రెండు తెజెనెలు తెచ్చిపెట్టు, తీగ మీటే ముక్కలు, చెర్రీ చెట్టు బెరడువి దొరికితే సరే, లేకపోతే ప్లాస్టిక్‌వైనా పరవాలేదు. పోయినసారి తెచ్చుకున్నవి మీ అత్తయ్య చెత్తనుకుని ఊడ్చేసింది.

మీ మామయ్య