వెంచర్‌లో పాతరాతియుగం పనిముట్లు కనిపిస్తే మన ప్లాటు పోతుందా?

మీరు కనిగిరి దగ్గర ప్లాటు కొన్నారు, రోడ్లకు చదును చేస్తుంటే చేతిగొడ్డళ్ళ (చేత్తో పట్టుకుని వాడేలా చెక్కిన రాతి పనిముట్లు) లాంటి రాళ్ళు బయటపడ్డాయి, పురావస్తు వాళ్ళకు చెబితే వెంచర్ ఆగిపోయి డబ్బులు ఇరుక్కుంటాయేమో అని అడిగారు.

అంత టెన్షన్ పెట్టుకోకండి అన్నా. డిగ్రీ అయ్యాక నేను పాలేరు నది వైపు ఒక తవ్వకంలో కూలీల లెక్కలు రాసే పనికి చేరాను, తర్వాత గుంటలో కూర్చుని మట్టి కూడా గీకాను. పురావస్తు వాళ్ళు పొలమంతా తవ్విపోయరు. తాడు కట్టి చిన్న చదరాలు గీసుకుని, తాపీతోనూ బ్రష్‌తోనూ పొర తర్వాత పొర దిగుతారు. రాయి కనబడినా చటుక్కున తీయరు, ఎంత లోతులో ఉంది, ఎటు వాలి ఉంది, కింద ఉన్నది ఎర్రమట్టా గులకరాళ్ళా అన్నీ రాసుకుని నంబరు వేశాకే కదిలిస్తారు. ఎందుకంటే కాలం చెప్పేది ఎక్కువగా దాన్ని కప్పిన మట్టే. అందులోని రేణువులకు చివరిసారి ఎండ తగిలి ఎన్నేళ్ళయిందో ల్యాబులో కొలుస్తారు, అందుకే గుంట గోడలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, వెలుతురు సోకకుండా నల్లగుడ్డ చుట్టి బయటికి తీస్తారు. మన ప్రకాశం రెట్లపల్లెలో దొరికిన పనిముట్లు సుమారు 1,39,000 ఏళ్ళ నాటివని తేలింది కూడా ఇలా మట్టిని పరీక్షించే.

జేసీబీ ఒక్క పూట తిరిగితే ఆ పొరలన్నీ కలిసిపోతాయి. మేం పనిచేసిన చోటికి దగ్గర్లోనే గ్రావెల్ కోసం ఒక దిబ్బ తవ్వేశారు, ట్రాక్టర్ పోసిన కుప్పలో నిన్న చెక్కినట్టు పదునుగా ఉన్న పనిముట్లు కనిపించాయి, కానీ ఏది ఏ పొరలోదో ఎవరూ చెప్పలేకపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చట్టం సంగతి. కేంద్రం రక్షిత స్థలంగా ప్రకటించిన చోటయితే 100 మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. మీ భూమి ఏ రక్షిత జాబితాలోనూ లేకపోతే లేఅవుట్ వేసే ముందు తవ్వి చూడాలనే నిబంధనే లేదు. ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు. సాగర్ నీళ్ళు ముంచకముందే 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, రాతియుగం నుంచి అక్కడ పాలించిన ఇక్ష్వాకు రాజుల దాకా ఉన్న ఆనవాళ్ళు నమోదు చేశారు కదా, డ్యాముకు చేసిన పని ఇళ్ళ ప్లాట్లకు ఎందుకు చేయకూడదు?

మీరు మాత్రం ఆ రాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళకండి. ఉన్నచోటే, సైజు తెలిసేలా పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి ఫోటో తీసి, లొకేషన్ జతచేసి, రాష్ట్ర పురావస్తు శాఖకూ కలెక్టరాఫీసుకూ అర్జీ పెట్టండి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. వెంచర్ వాళ్ళతో కూడా మాట్లాడండి. లేఅవుట్‌లో ఎలాగూ పార్కుకు ఖాళీ స్థలం వదలాలి, రాళ్ళు దొరికిన ముక్కనే అందుకు వదిలి, పరిశోధకులు వచ్చి చూసేదాకా అక్కడ జేసీబీ పెట్టొద్దని అడగండి. ప్లాన్ ఇంకా అప్రూవల్‌కు వెళ్ళకపోతే ఈ మార్పు తేలిక, కాబట్టి ఈ వారమే కదలండి.