రూల్స్ అన్నీ వచ్చు, పేరా చదివితే అర్థం కాదు: తొమ్మిదో తరగతి అమ్మాయి ఇంగ్లీషు గురించి

రాజాం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. గ్రామర్ రూల్స్ అడిగితే గడగడా చెబుతుంది. తెలియని పేరా ఒకటి ఇచ్చి చదవమంటే మాత్రం ఏమీ అర్థం కాలేదంటుంది. ఇంట్లో మాకెవరికీ ఇంగ్లీషు రాదు. ఇంట్లోనే సాధన చేయించే మార్గం ఉందా, ట్యూషన్ తప్పదా?"

ఉందండి. నేను ఇంగ్లీషు ఉపాధ్యాయురాలిని. ముందు శ్రీకాకుళం జిల్లాలో, ఇప్పుడు విజయనగరం జిల్లాలో పని చేస్తున్నాను. నేనూ ఇంగ్లీషు రాని ఇంట్లోనే పెరిగాను, మీ అమ్మాయి ఇప్పుడున్న చోటే ఒకప్పుడు నేనూ ఉన్నాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాన్న వరి, గోగు పండించేవారు. పదో తరగతి ఇంగ్లీషులో నాకు 72 మార్కులు వచ్చాయి. ఊళ్లో అది పెద్ద మాట. ఇంటర్ మొదటి సంవత్సరం దసరా సెలవులకు ఇంటికి వెళ్లేసరికి వరికి దోమపోటు తగిలింది. నాన్న పురుగుమందు సీసా తెచ్చారు. దానితో ఇచ్చిన కాగితంలో తెలుగు ఉన్న భాగం తడిసి చిరిగిపోయింది. "ఇంగ్లీషులో ఉందమ్మా, ఎలా కొట్టాలో చూసి చెప్పు" అని నా చేతికిచ్చారు. అంకెలు చదవగలిగాను. మాటలు కూడా చాలావరకు తెలిసినవే. "అగైన్‌స్ట్" అంటే వ్యతిరేకం అని నాకు తెలుసు, "విండ్" అంటే గాలి అని తెలుసు. గాలికి ఎదురుగా నిలబడి మందు కొట్టకూడదని ఆ వాక్యం చెబుతోందని మాత్రం తట్టలేదు. నాన్న ఏమీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సైకిలు మీద మళ్లీ దుకాణానికి వెళ్లి అడిగి వచ్చారు.

ఆ సాయంత్రం ఇప్పటికీ నాకు గుర్తుంది. మాటలు తెలిసి, రూల్స్ తెలిసి, వాక్యం అర్థం కాకపోవడం తెలివితక్కువతనం కాదు. వాక్యాన్ని వాక్యంగా పట్టుకునే అలవాటు మనకెవరూ చేయించలేదు, అంతే. మీ అమ్మాయికి కావలసింది కూడా ఆ అలవాటే. అది చదవడం నుంచే వస్తుంది. గ్రామర్ పుస్తకం దానికి సాయం చేస్తుంది, దాని స్థానంలో మాత్రం కూర్చోలేదు.

సెలవులయ్యాక విజయనగరం వెళ్లి మా లెక్చరర్ గారికి ఈ సంగతి చెప్పుకున్నాను. ఆయన నాకు ఒకే పని పెట్టారు. రోజుకు పది వాక్యాలు, పైకి, మూడుసార్లు. మొదటిసారి ఎక్కడా ఆగకూడదు, తెలియని మాట వచ్చినా దాటిపోవాలి. రెండోసారి పెన్సిలుతో, ఊపిరి తీసుకోవలసిన చోటల్లా చిన్న గీత పెట్టాలి. మూడోసారి చదివాక పుస్తకం మూసి, ఏం చదివానో తెలుగులో ఎవరికైనా చెప్పాలి. నేను మా గదిలోని అమ్మాయికి చెప్పేదాన్ని. మీ ఇంట్లో మీరున్నారు, వాళ్ల అమ్మ ఉన్నారు. మీకు ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ లోపం కానే కాదు. వినేవారికి ఇంగ్లీషు రానప్పుడే చెప్పేవారు పూర్తిగా అర్థం చేసుకుని చెప్పవలసి వస్తుంది.

ఏం చదవాలి అంటారేమో. ఇంగ్లీషు వాచకంతో మొదలుపెట్టకండి. పాఠశాలలో ఇచ్చిన సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం పుస్తకాలు ద్విభాషా పుస్తకాలు. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో అదే విషయం తెలుగులో ఉంటుంది. మా కాలంలో ఇలాంటిది దొరికి ఉంటే ఎంత బాగుండేదో. చాలామంది పిల్లలు తెలుగు పుటే చదివి, ఇంగ్లీషు పుటను పరీక్షకు ముందు బట్టీ పడతారు. అలా కాకుండా ముందు తెలుగు పేరా చదివి విషయం తెలుసుకుని, వెంటనే ఇంగ్లీషు పేరా పైకి చదవమనండి. విషయం ముందే తెలుసు కాబట్టి మనసంతా వాక్యం మీదే ఉంటుంది. నెల రోజులయ్యాక వరుస మార్చండి. ముందు ఇంగ్లీషు, తర్వాత సరిచూసుకోవడానికి తెలుగు.

చదివేటప్పుడు మన పిల్లలు ఎక్కడ తడబడతారో ఒక్కటి వివరంగా చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అప్పుడు నేను ఆ వైపే పని చేస్తున్నాను. బడి మళ్లీ తెరిచాక, పిల్లల మనసులో ఉన్నదే పాఠం కావాలని బోర్డు మీద ఒక వాక్యం రాశాను: "ది కోకనట్ ట్రీస్ దట్ మై గ్రాండ్‌ఫాదర్ ప్లాంటెడ్ ఫెల్ ఇన్ వన్ నైట్." ఒక అబ్బాయి లేచి చదివి, "తాత మొక్కలు నాటి పడిపోయాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చాలామంది అలాగే అనుకున్నారు. "గ్రాండ్‌ఫాదర్" పక్కన రెండు క్రియలు కనబడ్డాయి, రెండూ తాతకే తగిలించారు.

తెలుగులో మనం "మా తాత నాటిన కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి" అంటాం. చెట్లను గురించి చెప్పవలసిందంతా చెట్ల కంటే ముందే చెప్పేస్తాం. ఇంగ్లీషు ముందు చెట్లను చూపించి, వాటి సంగతి వెనక తోకలా తగిలిస్తుంది, ఆ తర్వాతే అసలు క్రియ దగ్గరకు వస్తుంది. ఆ తోక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనిపెడితే పొడుగు వాక్యాలు సగం లొంగిపోతాయి. బోర్డు మీద "దట్" నుంచి "ప్లాంటెడ్" వరకు చేత్తో మూసి, "ఇప్పుడు చదవండి" అన్నాను. కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. చెయ్యి తీశాను. ఏ చెట్లు? తాత నాటినవి. ఆ అబ్బాయి ఆ రోజు నుంచి పొడుగు వాక్యం కనబడితే వేలు అడ్డం పెట్టి చదివేవాడు. మీ అమ్మాయికీ ఇదే చెప్పండి. "హు, విచ్, దట్" కనబడితే అక్కడి నుంచి తోక మొదలైందేమో చూసుకుని, దాన్ని వేలితో మూసి, మిగిలిన వాక్యం చదవాలి.

ఇక గ్రామర్. తెలుగును పక్కన పెట్టి ఇంగ్లీషు నేర్చుకోవాలని చాలామంది అంటారు. ఇన్నేళ్లుగా నేను చూసింది దానికి పూర్తిగా విరుద్ధం. పిల్లల తప్పుల్లో చాలావరకు తెలుగు నుంచే వస్తాయి కాబట్టి, వాటికి మందు కూడా తెలుగులోనే దొరుకుతుంది.

"సిన్స్", "ఫర్" తీసుకోండి. "సిన్స్ టూ డేస్" అని రాయని పిల్లలు అరుదు. ఎందుకంటే మనం "సోమవారం నుంచి జ్వరం" అంటాం, "రెండు రోజుల నుంచి జ్వరం" అనీ అంటాం. రెండింటికీ "నుంచి" ఒక్కటే. నా తరగతిలో ఒక చిన్న పరీక్ష పెడతాను. "నుంచి" తీసేసి "గా" పెట్టి చూడండి. "రెండు రోజులుగా జ్వరం" కుదురుతుంది, అక్కడ "ఫర్" రాయాలి. "సోమవారంగా జ్వరం" కుదరదు, అక్కడ "సిన్స్". ఈ కిటుకు ఒకసారి చెప్పాక మళ్లీ చెప్పవలసిన అవసరం దాదాపు రాలేదు.

"డిడ్ నాట్ వెంట్" అని రాసే పిల్లలకు ఒక్క మాట చాలు. తెలుగులో "వెళ్లాడులేదు" అంటామా? "వెళ్లలేదు" అంటాం. జరిగిన కాలాన్ని "లేదు" మోస్తోంది కాబట్టి "వెళ్ల" ఉత్తగా ఉండిపోయింది. అక్కడ "డిడ్" మోస్తోంది కాబట్టి "గో" ఉత్తగా ఉంటుంది. అలాగే "నేను రోజూ వస్తాను", "నేను రేపు వస్తాను" రెండూ మనకు ఒకే రూపం. అందుకే రోజూ చేసే పనికి కూడా పిల్లలు "విల్" పెట్టేస్తారు. "వస్తాను" రాగానే రోజూనా, రేపా అని తమను తామే అడగడం అలవాటు చేయాలి.

"ఎ", "ఆన్" విషయంలో మన లిపి మనకు పెద్ద వరం. ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాల్లో రాయమనండి. అచ్చుతో మొదలైతే "ఆన్", హల్లుతో మొదలైతే "ఎ". స్పెల్లింగులో హెచ్ ఉన్నా "అవర్", "ఆనెస్ట్" అచ్చుతో మొదలవుతాయి. యు ఉన్నా "యూనివర్సిటీ" యకారంతో మొదలవుతుంది. "ఎమ్మెల్యే"కు "ఆన్" ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఉచ్చారణ సరిగ్గా ఉండాలి. మనవాళ్లు "ఎల్లో" అనేది నిజానికి "యెల్లో".

వాయిస్ మార్చడం దగ్గర పిల్లలు బాగా భయపడతారు. "ఈ వంతెన పోయిన ఏడాది కట్టారు" అంటాం కదా, ఎవరు కట్టారో చెప్పం. చేసినవారు ఎవరో అక్కర్లేని చోట మనం "ఆరు" చేర్చి ఊరుకుంటాం, ఇంగ్లీషు పాసివ్ వాయిస్ వాడుతుంది. రిపోర్టెడ్ స్పీచ్ కూడా అంతే. "వస్తానని చెప్పాడు"లో "వస్తాను" అతను అన్న మాటే, మనం మార్చలేదు, "అని" తగిలించామంతే. ఇంగ్లీషులో చెప్పేవారి వైపు నుంచి ఆ మాటలు తిరగరాయాలి. ఈ తేడా ముందు తెలిస్తే, ఆ తర్వాత పట్టికలు వాటంతటవే అర్థమవుతాయి.

వీటిని వారానికి ఒకటి చొప్పున తీసుకుని, చదివే పది వాక్యాల్లోనే వెతకమనండి. ఈ వారం "సిన్స్, ఫర్" అయితే, చదివిన పేరాల్లో అవి ఎక్కడ కనబడినా గీత గీయాలి. మన ప్రాంతపు మనిషి గిడుగు రామమూర్తి గారిని నేను పిల్లలకు తరచూ గుర్తు చేస్తాను. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. సవర మాట్లాడేవారి నోటి నుంచే ఆ భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది 1931లో. ముందు వాక్యాలు, తర్వాత వ్యాకరణం.

మాటల సంగతికి వస్తే, రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. ఒకసారి నాగావళి వరద గురించి పేరా ఇచ్చాను. అందులో "కరెంట్" బలంగా ఉండడం వల్ల పడవ వెళ్లలేకపోయిందని ఉంది. ఒక అమ్మాయి, నీళ్లలో కరెంటు తీగ తెగిపడిందని జవాబు రాసింది. ఆ అమ్మాయి తప్పు లేదు. మనం తెలుగులో కలిపేసుకున్న మాటకు మనకు తెలిసింది ఒక్కటే అర్థం. నిఘంటువులో ఆ మాటకు ప్రవాహం అన్న అర్థం కూడా ఉంటుంది. అందుకని మాటను ఒంటరిగా కాకుండా, అది కనబడిన వాక్యంతో సహా నోటుపుస్తకంలో రాయాలి. రోజుకు మూడు మాటలు చాలు. నిఘంటువు చూసేది మూడోసారి చదివిన తర్వాతే. అప్పటికి సగం మాటల అర్థం ఊహకు అందుతుంది, నిఘంటువులోని నాలుగు అర్థాల్లో ఏది కావాలో తనే ఎంచుకోగలుగుతుంది.

పదో తరగతిలో ఇంగ్లీషు పేపరు 100 మార్కులకు ఉంటుంది. ఈ మధ్య సంవత్సరాల్లో చదివి అర్థం చేసుకోవడానికి 30, వ్యాకరణం, పదజాలానికి 40, సొంతంగా రాయడానికి 30 ఇస్తున్నారు. పేరా చదవగలిగిన పిల్లలకు మిగతా రెండూ సులభమవుతాయి. గైడులో జవాబులు బట్టీ పట్టిన పిల్లలు తెలియని పేరా దగ్గర ఆగిపోతారు.

ట్యూషన్ మాట అడిగారు. అక్కడ అమ్మాయి చేత పైకి చదివిస్తున్నారా అని కనుక్కోండి. చదివిస్తుంటే మాన్పించకండి. ఖాళీలు పూరించడం మాత్రమే చేయిస్తుంటే ఆ గంట ఇంట్లో మీ ముందు కూర్చుని చదవడమే మేలని నా అభిప్రాయం.

ఈ ఆదివారం సాంఘికశాస్త్రం పుస్తకంలో ఏదో ఒక పాఠం మొదటి పేరాతో మొదలుపెట్టించండి. మూడోసారి చదివాక తను తెలుగులో చెప్పింది మీరు వినండి. ఎక్కడ ఆగిపోయిందో ఆ వాక్యం ఉన్నదున్నట్టుగా ఇక్కడ రాయండి. మాటతో చిక్కా, తోకతో చిక్కా చూసి చెబుతాను.